బస్సులో టబ్ పడుతుంది, ముందు నీళ్ళ లెక్క చూడండి

ప్రశ్న:

అన్నయ్యగారూ, మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయిన ఏడాది 35 అడుగుల పాత స్కూల్ బస్సు ఒకటి వేలంలో కొన్నాం. సెలవు దొరికినప్పుడల్లా దాన్ని మోటార్ హోమ్‌గా మార్చుకుంటున్నాం. సీట్లు పీకేశాం, కొత్త నేల వేశాం, వంటగట్టు అయిపోయింది. ఇప్పుడు బాత్రూమ్ దగ్గర ఆగిపోయాం. మా పాపకి నాలుగేళ్ళు. షవర్ కింద నిలబెడితే ఒకటే ఏడుపు, టబ్‌లో కూచోబెడితే లేవమన్నా లేవదు. వచ్చే నెలలో మా అత్తయ్య తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వేణ్ణీళ్ళలో కాసేపు కూచుంటే హాయిగా ఉంటుందంటారు. ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే మావారు అయిదడుగుల పోత ఇనప టబ్ ఉచితంగా వస్తోందని తెచ్చి గరాజ్‌లో పెట్టారు. "బస్సూ ఇనుమే, టబ్బూ ఇనుమే, ఏం కాదు" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. మంచినీళ్ళ ట్యాంకు 100 గ్యాలన్లు, వాడిన నీళ్ళు చేరే గ్రే ట్యాంకు 40 గ్యాలన్లు, గ్యాస్‌తో నడిచే 6 గ్యాలన్ల గీజర్, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలు రెండు ఇప్పటికే బిగించాం. లోపల ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. టబ్ పెట్టొచ్చా? పెడితే ఎక్కడ, ఎలా?
– ఒక సోదరి, టెక్సస్

జవాబు:

చెల్లెమ్మా, టబ్ పెట్టొచ్చు. పాప సంగతి చెప్పాక, పెట్టుకోండనే అంటాను. బావగారు తెచ్చిన టబ్ మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చెబుతాను. ఇది ఆయన పక్కన కూచున్నప్పుడు చదవండి.

బస్సులో టబ్ అనుకోగానే అందరం ముందు టేపు తీసుకుని చోటు కొలుస్తాం. స్కూల్ బస్సు లోపలి వెడల్పు సుమారు ఏడున్నర అడుగులు. గోడలకి ఇన్సులేషన్, చెక్క కొట్టాక ఏడడుగుల పైచిలుకు మిగులుతుంది. అయిదడుగుల టబ్ అడ్డంగా పెట్టినా పక్కనుంచి మనిషి నడిచే దారి ఉంటుంది. టేపు "సరిపోతుంది" అంటుంది, మనమూ సంతోషిస్తాం. అసలు చిక్కు ఆ తర్వాత నీళ్ళతో మొదలవుతుంది. వాటిని మోయాలి, కాయాలి, వాడాక ఎక్కడికో పంపాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా ఆ టబ్ బట్టలు పడేసుకునే తొట్టి అయిపోతుంది. అలా అయిపోయిన టబ్బులు రెండు బస్సుల్లో నా కళ్ళతో చూశాను.

మీ అంకెలే తీసుకుందాం. మీ మంచినీళ్ళ ట్యాంకు 100 గ్యాలన్లంటే 378 లీటర్లు. అయిదడుగుల టబ్‌లో మనిషి మునిగేట్టు నింపాలంటే 150 లీటర్లు కావాలి. అంటే వంటకీ, గిన్నెలకీ, తాగడానికీ తెచ్చుకున్న నీళ్ళలో అయిదింట రెండు వంతులు ఒక్క స్నానానికి అయిపోతాయి. సరే, మళ్ళీ నింపుకుందాం అనుకోండి. వాడిన నీళ్ళు వెళ్ళేది 40 గ్యాలన్ల గ్రే ట్యాంకులోకి. అది 151 లీటర్లు. ఒక్కరు ఒక్కసారి టబ్‌లో కూచుని లేస్తే ఆ ట్యాంకు నిండినట్టే. పొద్దున గిన్నెలు కడిగిన నీళ్ళు అందులో ఉంటే అసలు పట్టదు.

పట్టకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను, ఇది మీకు బాగా ఉపయోగపడుతుంది. మేం మా బస్సులో మొదటిసారి న్యూ మెక్సికో వైపు వెళ్ళినప్పుడు మూడో రోజు రాత్రి పప్పుచారు పెట్టుకున్నాం. మా ఆవిడ గిన్నెలు తోముతోంది. సింకులో నీళ్ళు బాగానే పోతున్నాయి. నేను చేతులు కడుక్కుందామని బాత్రూమ్‌లోకి వెళ్తే తెల్లటి టబ్‌లో నాలుగు వేళ్ళ లోతున పసుపు నీళ్ళు. మీద మెతుకులు, రెండు కరివేపాకు రెబ్బలు తేలుతున్నాయి. డ్రెయిన్ దగ్గర బుడగలు వస్తున్నాయి. గ్రే ట్యాంకు నిండిపోయింది, బస్సు మొత్తంలో అన్నిటికంటే కిందున్న రంధ్రం టబ్‌ది కాబట్టి వంటింటి నీళ్ళన్నీ అందులోకి తన్నుకొచ్చాయి. తెల్లారి, వాడిన నీళ్ళు పారబోసే డంప్ స్టేషన్‌కి వెళ్ళేదాకా మగ్గుతో తోడి బకెట్లలో పోసుకున్నాం. ఆ పసుపు మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కాబట్టి టబ్ కొనేముందు గ్రే ట్యాంకు సంగతి చూడండి. టబ్‌లో పట్టే నీళ్ళకి ఒకటిన్నర రెట్లయినా గ్రే ట్యాంకులో చోటుండాలి. మీ 40 గ్యాలన్ల ట్యాంకుతో పాటు ఛాసీ కింద ఇంకో 25, 30 గ్యాలన్ల ట్యాంకు వేసి రెండూ పైపుతో కలిపేయగలిగితే కలిపేయండి. అది కుదరకపోతే సింకుకీ టబ్‌కీ వేర్వేరు ట్యాంకులు పెట్టండి. చిన్నదైనా సింకుది విడిగా ఉంటే నాకు జరిగింది మీకు జరగదు. ఎంత నిండిందో చూపించే మీటరుని మాత్రం నమ్ముకోకండి. లోపల జిడ్డు పట్టాక సెన్సర్లు ఖాళీ ట్యాంకుని కూడా నిండిందని చూపిస్తాయి, నిండినదాన్ని సగమే అంటాయి.

ఇక వేడి. 100 లీటర్ల నీళ్ళని 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి కాయాలంటే సుమారు 2.9 యూనిట్ల కరెంటు కావాలి. మీ బ్యాటరీలు ఒక్కొక్కటి 1.28 యూనిట్లు, రెండూ కలిపి 2.56. ఆఖరి చుక్కదాకా పిండినా నీళ్ళు స్నానం వేడికి రావు, ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. అందుకే బ్యాటరీతో నీళ్ళు కాసే ఆలోచన ఎవరైనా చెబితే వదిలేయండి. మీరు గ్యాస్ గీజర్ పెట్టి మంచిపని చేశారు. ఆరు గ్యాలన్లంటే 23 లీటర్లు, అది 60 డిగ్రీలకి కాస్తే చలికాలపు చన్నీళ్ళతో కలిపాక 40 లీటర్ల గోరువెచ్చటి నీళ్ళవుతాయి. అయిదడుగుల టబ్ నింపాలంటే దాదాపు నాలుగుసార్లు కాయాలి. నాలుగోసారి కాగేలోపు మొదటిసారి పోసినవి చల్లారిపోతాయి. అదే పాపని నడుం లోతు నీళ్ళలో కూచోబెట్టడానికి చిన్న టబ్‌లో 40, 50 లీటర్లు చాలు. మీ దగ్గరున్న గీజర్ ఒక్కసారి కాగితే సరిపోతుంది. కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. టెక్సస్ వేసవిలోనైతే ట్యాంకులో నీళ్ళే సగం వెచ్చగా ఉంటాయి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. 60 డిగ్రీల నీళ్ళు చిన్నపిల్లల ఒంటి మీద కొన్ని సెకన్లు పడితే చాలు, చర్మం కాలిపోతుంది. గీజర్ దాటగానే పైపులో థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు ఒకటి పెట్టించండి. కుళాయిలోకి వచ్చే నీళ్ళు 49 డిగ్రీలు, ఇక్కడి లెక్కలో 120 ఫారెన్‌హీట్ దాటకుండా చూస్తుంది. టబ్ నింపేటప్పుడు ముందు చన్నీళ్ళు వదిలి, తర్వాత వేడివి కలపండి. గ్యాస్ గీజర్ పొగ బయటికే పోవాలి. బయట వాడే చిన్న గ్యాస్ హీటర్‌ని ఎప్పుడూ లోపల వెలిగించొద్దు. మంచాల దగ్గర ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఇంత చిన్న చోటులో ఆ వాయువు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు బావగారి మాటకొద్దాం. అరవై డెబ్భై మంది పిల్లల్ని మోసిన బండి ఒక ఇనప టబ్‌ని మోయలేదా అంటే, మోస్తుంది. అంతవరకు ఆయన అన్నది నిజమే. పోత ఇనప టబ్ 140 కిలోల దాకా ఉంటుంది, నీళ్ళు 150 కిలోలు, మనిషి 65, మొత్తం 350 కిలోల పైన. పిల్లల బరువు బస్సంతా పరుచుకుని ఉండేది, ఇది పన్నెండు చదరపు అడుగుల మీద, అదీ కాళ్ళున్న టబ్ అయితే నాలుగు బిందువుల మీద కూచుంటుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. నీళ్ళు తీసేసినా 140 కిలోల ఇనుము హైవే మీద మీ వెనకే ఉంటుంది. సడన్ బ్రేకు వేస్తే దాన్ని పట్టి ఆపేదేమిటి? ఎనామెల్ పూసిన పోత ఇనుముకి రంధ్రం పెట్టి బోల్టు బిగించడం కష్టం, పెడితే పగులు రావచ్చు. పైగా చలి రాత్రి ఆ ఇనుము కూడా మంచులా ఉంటుంది. మీరు పోసిన వేణ్ణీళ్ళలో పది పదిహేను లీటర్ల వేడి ఇనుము వెచ్చబడటానికే పోతుంది. అంత కష్టపడి కాచిన నీళ్ళు!

ఆ టబ్‌ని పెరట్లో పెట్టుకోండి. డ్రెయిన్ రంధ్రం అలాగే ఉంచి అడుగున కంకర, పైన మట్టి పోస్తే గోంగూరకీ, పుదీనాకీ దానికి మించిన తొట్టి ఉండదు. అత్తయ్యగారు వచ్చేసరికి మొలకలు వస్తే ఆవిడ సంతోషిస్తారు.

బస్సులోకి ఆర్వీల కోసం, అంటే మోటార్ హోమ్‌ల కోసం, చేసే ప్లాస్టిక్ టబ్ కొనండి. 24 అంగుళాల వెడల్పు, 36 లేక 40 అంగుళాల పొడవు ఉంటుంది. ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. 40 అంగుళాలదే తీసుకోండి, ఆ నాలుగంగుళాలు పాప పెరిగేకొద్దీ అక్కరకొస్తాయి. డ్రెయిన్ ఎడమ వైపుందా, కుడి వైపుందా చూసి కొనండి. ఇది చూడకుండా కొని, మార్పించుకోవడానికి తిరిగేవాళ్ళే ఎక్కువ. ఈ టబ్ అడుగు పల్చగా ఉంటుంది, ఖాళీ మీద కూచోబెడితే పెద్దవాళ్ళు కాలు పెట్టగానే కిర్రుమని కిందికి వంగుతుంది. కొన్నాళ్ళకి డ్రెయిన్ చుట్టూ చీరుతుంది. అందుకని అంచు కింద నాలుగు వైపులా చెక్క పట్టీ కట్టి, అడుగు కింద గట్టి ఫోమ్ పలకలు కోసి జిగురుతో ఖాళీ లేకుండా నింపండి. ఇళ్ళల్లో వేసినట్టు సిమెంటు వేయొద్దు, బండి ఊపుకి అది పొడై రాలుతుంది.

ఎక్కడ పెట్టాలన్నారు. స్కూల్ బస్సుకి వెనక చక్రాల తర్వాత తోక చాలా పొడుగ్గా ఉంటుంది. బరువైనవన్నీ ఆ తోకలో పెడితే తక్కెడలా వెనక దిగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. అందుకని టబ్‌ని వెనక యాక్సిల్‌కి కాస్త ముందు, గోడవారగా, పొడవు బస్సు పొడవు దిక్కుకే వచ్చేట్టు పెట్టండి. డీజిల్ ట్యాంకు, బ్యాటరీలు, మంచినీళ్ళ ట్యాంకు ఏ వైపున్నాయో చూసి వీలైతే రెండో వైపు ఎంచుకోండి. డ్రైవర్ సీటు దగ్గరున్న రేకు మీద బండి మొత్తం ఎంత మోయొచ్చు, ఒక్కో యాక్సిల్ ఎంత మోయొచ్చు అని అంకెలుంటాయి. ట్యాంకులు నింపుకుని ఏదైనా ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. ఏ యాక్సిల్ మీద ఎంతుందో విడివిడిగా చీటీ ఇస్తారు. ఊహించుకుని భయపడేకంటే ఆ చీటీ చూసుకోవడం నయం.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది నేలకి డ్రెయిన్ రంధ్రం పెట్టడం. మీకున్నది ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. డ్రెయిన్ కింద వాసన ఆపే వంపు గొట్టం, అదే పి-ట్రాప్, కోసమని టబ్‌ని ఎనిమిదంగుళాల దిమ్మ మీదకి ఎత్తితే అందులో నిలబడేవాళ్ళకి అయిదున్నర అడుగులే మిగులుతుంది. బావగారు మెడ వంచుకుని స్నానం చేయాలి, అత్తయ్యగారు అంత ఎత్తు కాలెత్తాలి. కాబట్టి ట్రాప్ నేల కిందే ఉండాలి. అయితే రంధ్రం పైనుంచి గుర్తు పెట్టి కోసేయకండి. ముందు పగటిపూట టార్చి తీసుకుని బస్సు కిందికి దూరండి. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టే దూరండి. నేల రేకుని మోసే అడ్డ దూలాలు వరసగా కనిపిస్తాయి. వాటి మధ్య ఎంత సందుందో కొలవండి. ఆ సందుల్లోనే ఎక్కడో ఎయిర్ బ్రేక్ గొట్టాలు, వైర్లు, సైలెన్సర్ పైపు, డ్రైవ్ షాఫ్ట్ ఉంటాయి. ఖాళీగా ఉన్న సందు మధ్యలో కిందనుంచి పెన్సిలంత సన్నటి రంధ్రం ఒకటి వేసి, అందులోకి ఒక పుల్ల గుచ్చండి. లోపలికెళ్ళి ఆ పుల్ల ఎక్కడ పొడుచుకొచ్చిందో చూడండి. దాని చుట్టూ టబ్ కాగితం నమూనా పరిచి, డ్రెయిన్ ఆ పుల్ల మీదికి వచ్చేట్టు జరుపుకోండి. అలా కుదిరాకే పెద్ద బిట్ పెట్టండి. మీరు టబ్‌ని రంధ్రం ఉన్నచోటికి జరపగలరు, దూలాన్ని జరపలేరు. కోసిన అంచుకి ఆ సాయంత్రమే తుప్పు పట్టకుండా పెయింటు వేయండి.

సీట్లు పీకినచోట బోల్టు రంధ్రాలు ఉంటాయి. కొత్త నేల వేసేముందు వాటన్నిటినీ మూశారా? మూయకపోతే టబ్ వచ్చేచోటైనా పలకలు ఎత్తి మూయండి. టబ్ అంచునుంచి జారిన నీటిచుక్క ఆ రంధ్రాల దగ్గర ప్లైవుడ్‌లోకి దిగితే ఏడాదిదాకా తెలీదు. తర్వాత ఒకరోజు తడిచిన గోనెసంచి వాసన వస్తుంది, అప్పటికి చెక్క వేలితో పొడిస్తే దిగిపోయేంత మెత్తబడి ఉంటుంది.

ట్రాప్‌లో నిలిచిన నీళ్ళే కదా ట్యాంకు వాసనని పైకి రాకుండా ఆపేది. బండి గతుకుల్లో ఊగినప్పుడు ఆ నీళ్ళు చిందిపోతాయి, సాయంత్రానికి బస్సంతా మురుగు వాసన. దీనికి నీళ్ళతో పనిలేని వాల్వు ఒకటి దొరుకుతుంది, హెప్వో అంటారు. లోపల మెత్తటి పొర ఉంటుంది, నీళ్ళు వచ్చినప్పుడు విచ్చుకుని, ఆగగానే మూసుకుంటుంది. పడుకోబెట్టి బిగించొచ్చు కాబట్టి ఎత్తు కలిసొస్తుంది. నేలకింద గడ్డకట్టే నీళ్ళు కూడా ఉండవు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఇళ్ళల్లోని పైపులే పగిలిపోయాయి కదా, బస్సు కిందున్న పైపు ఏపాటి? చలి ముందు ట్యాంకులు, పైపులు ఖాళీ చేయడం అలవాటు చేసుకోండి. డ్రెయిన్ పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. ఎగుడుదిగుడు నేలమీద బండి ఆపితే ఆ వాలు తిరగబడుతుంది. స్నానం చేసే రోజు బండిని సమంగా నిలపండి.

అత్తయ్యగారి గురించి ఆలోచిస్తుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి టబ్‌లో కూచోవడం కష్టమేమీ కాదు, లేవడమే కష్టం. ఎంత చిన్న టబ్ అయినా అడుగున కూచుంటే మోకాళ్ళు పూర్తిగా మడవాలి, లేచేటప్పుడు ఒళ్ళంతా మోకాళ్ళ మీద వేయాలి. తడి ప్లాస్టిక్ మీద, పట్టుకోవడానికి ఏమీ లేకుండా. కాబట్టి ఆవిడని టబ్ అడుగున కూచోబెట్టే ఆలోచనే వద్దు. ట్రాన్స్‌ఫర్ బెంచ్ అని దొరుకుతుంది. రెండు కాళ్ళు టబ్ బయట, రెండు లోపల ఉండే బల్ల. ఆవిడ బయట బల్ల మీద కూచుని, ఒక్కో కాలు లోపలికి తీసుకుని, కూచునే లోపలికి జరుగుతారు. దానికోసం టబ్ పక్కన ఖాళీ ఉంచండి. 24 అంగుళాల టబ్‌కి పట్టేది చూసి కొనండి. ముందు ఒక బకెట్, మగ్గు. ఇరవై లీటర్లతో హాయిగా స్నానం అయిపోతుంది, తెనాలిలో ఎలా చేస్తారో అలాగే. తర్వాత పాదాలు, పిక్కలు మునిగేట్టు టబ్‌లో వేణ్ణీళ్ళు వదిలితే ఆవిడ అడిగిన హాయి ఆవిడకి దొరుకుతుంది. నొప్పి మోకాలి చిప్ప దగ్గరైతే వేణ్ణీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు చుట్టండి.

పట్టుకునే కడ్డీ మాత్రం రెండుచోట్ల పెట్టండి. అది ప్లైవుడ్‌కి మరలు బిగించి కాదు, బస్సు గోడలోని ఇనప కమ్మీలకి బోల్టులతో. సీట్లు బిగించిన ఇనప అంచు గోడ పొడవునా ఉంటుంది, దాన్ని పీకేయకుండా ఉంచి ఉంటే ఒక కడ్డీకి అదే మంచి ఆధారం. బిగించాక బావగారు తన పూర్తి బరువు దాని మీద వేసి వేలాడి చూడాలి.

టబ్ చుట్టూ గోడకి టైల్స్ వద్దు. బస్సు నడుస్తుంటే ఒళ్ళు మెలికలు తిరుగుతుంది, సందుల్లో సిమెంటు రాలుతుంది. ఫైబర్ గ్లాస్ రేకులు అతికించి, మూలల్లో సాగే సీలెంట్ పూయండి. టబ్ పక్కన కిటికీ ఉంటే అది తీసేసి రేకు మూసేయడమే నయం, పాత బస్సు కిటికీలు బయటి వానకే కారతాయి. సరిగ్గా టబ్ పైన కప్పుకి ఫ్యాను ఉండాలి. లేకపోతే వేణ్ణీళ్ళ ఆవిరి కప్పులోని ఇనప కమ్మీలకి తగిలి చుక్కలై, రాత్రి మంచాల మీద పడుతుంది.

మనవాళ్ళ ఇళ్ళల్లో మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది, ఇక్కడి ప్లంబర్లు ఎవరూ చెప్పరు. దీపావళి పొద్దున పాపకి నువ్వులనూనె పెట్టి సున్నిపిండితో తలంటు పోస్తారు కదా. ఇంట్లో అయితే సరే. బస్సులో ఆ పిండి నూనెతో కలిసి డ్రెయిన్ వాల్వులో ముద్దలా పేరుకుంటుంది. కుంకుడుకాయ పిప్పి అయితే నేరుగా అడ్డం పడుతుంది. ఆ రోజు డ్రెయిన్ మీద సన్నటి స్టీలు జాలీ పెట్టి, పిండి ముందే పళ్ళెంలోకి నలిచి రాల్చి, చివర్లో ఒక చెంబెడు వేడి సబ్బునీళ్ళు వదలండి. నూనె తగిలిన టబ్ అద్దంలా జారుతుంది. తలంటు అయ్యాక టబ్ తోమేదాకా అత్తయ్యగారిని అందులో కాలు పెట్టనివ్వకండి.

ఆవిడకి మెడదాకా మునిగే స్నానం నిజంగా చేయించాలనుంటే బస్సులో తిప్పలు పడకండి, బస్సు వేసుకుని వెళ్ళండి. మీ ఊరినుంచి దాదాపు 300 మైళ్ళలో ఆర్కాన్సా రాష్ట్రంలో హాట్ స్ప్రింగ్స్ ఉంది. కొండ కింద నుంచి 62 డిగ్రీల వేడితో నీళ్ళు ఉబుకుతాయి. బాత్‌హౌస్ రో అనే వీధిలో బక్‌స్టాఫ్ స్నానశాల 1912 నుంచి నడుస్తోంది. అక్కడ పెద్ద టబ్బుల్లో ఆ నీళ్ళు చల్లార్చి నింపుతారు, సాయం చేసే మనుషులుంటారు. అక్కడి నేషనల్ పార్కులోనే గల్ఫా గోర్జ్ క్యాంపు ఉంది, నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్లు మూడూ ఇస్తారు. 35 అడుగుల బండి పట్టే చోటు ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. బీపీ, గుండె సంగతులుంటే డాక్టర్ని ఒక మాట అడిగాకే ఆవిడని వేణ్ణీళ్ళలోకి దింపండి.

అలాంటి కనెక్షన్లున్న చోట ఆగిన రోజు పాపని టబ్‌లో ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆడుకోనివ్వండి. గ్రే ట్యాంకు అక్కడే ఖాళీ చేసుకోవచ్చు. అడవుల్లో, ఎడారుల్లో ఏ కనెక్షనూ లేకుండా ఆగిన రోజు పాపకైనా బకెట్ స్నానమే. బండి కదిలేముందు టబ్‌లో చుక్క నీళ్ళు ఉండకూడదు. దాని మీద పెట్టడానికి ఒక చెక్క మూత చేయించుకుంటే ప్రయాణంలో సామాన్లు పెట్టుకునే బల్ల అవుతుంది. మూతకి రెండు గొళ్ళేలు పెట్టండి.

బిగించడం అయ్యాక గోడలకి ఫైబర్ గ్లాస్ రేకులు కొట్టకముందే పరీక్ష చేయండి. డ్రెయిన్ మూసి టబ్ నిండా నీళ్ళు పోసి, నీళ్ళ అంచున పెన్సిల్‌తో గీత గీసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున నీళ్ళు గీత దగ్గరే ఉండాలి. అప్పుడు బస్సు కింద పొడి న్యూస్ పేపర్లు పరిచి, ఒకరు టార్చితో కిందికి వెళ్ళాక పైన డ్రెయిన్ మూత ఒక్కసారిగా తీయండి. పేపర్ మీద ఒక్క చుక్క పడినా ఎక్కడినుంచో కనిపిస్తుంది. తర్వాత గతుకులున్న రోడ్డు మీద ఒక యాభై మైళ్ళు తిప్పుకొచ్చి ఇదే మళ్ళీ చేయండి. మొదటిసారి కారని జాయింటు రెండోసారి కారడం చాలాసార్లు చూశాను.

అడ్డ దూలాల మధ్య కొలత, డీజిల్ ట్యాంకు ఏ వైపుందో, తూకం చీటీలో రెండు యాక్సిళ్ళ అంకెలు, ఈ మూడూ పంపండి. రంధ్రం ఏ సందులో వేస్తే మంచిదో గీసి పంపుతాను. అప్పటిదాకా బావగారిని డ్రిల్ పట్టుకోవద్దని చెప్పండి.